ఉన్నది ఉన్నట్టు ఆడిన ఆట

ఏటిదుర్గమని ఒకానొక రాజ్యం ఉండేది. ఇప్పుడు వెతికితే దొరకదు కానీ, ఆ రోజుల్లో దానికొక కోట, కోటకొక రాజు, రాజుకు మోయలేనన్ని బిరుదులు ఉండేవి. గజసింహరాయలు సభకు వచ్చేటప్పుడు వందిమాగధులు ఆ బిరుదులు చదవడం మొదలుపెట్టేవారు. ఆయన సింహాసనమెక్కి, తాంబూలం వేసుకుని, నమిలి ముగించేసరికి కూడా వాళ్ళు సగం దారిలోనే ఉండేవారు.

అన్నిటిలోకీ ఆయనకు ముద్దైన బిరుదు ఒకటుంది: 'సకల నాటక గుణదోష పరీక్షా ధురంధరుడు'. ఏ మేళం ఆట బాగుందో, ఏ మేళం ఆట బాగాలేదో ఆయన చెప్పిందే వేదమని దాని అర్థం. ఆ బిరుదు ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. అడిగే దిక్కు లేదు కనుక తనే పుచ్చుకున్నాడు.

రాయలు ఎప్పుడూ ఒక్క ఆటే ఆడించేవాడు. దాని పేరు 'నీలకేతు విజయం'. నీలకేతుడనే రాజు, తన ఊళ్ళ మీద పడిన గండకుడనే రాక్షసుణ్ణి ఎదిరించి గెలిచే కథ. ఒక మేళం ఆడిపోగానే ఇంకో మేళాన్ని పిలిపించేవాడు. ఆట ముగిశాక మీసం దువ్వుకుంటూ తీర్పు చెప్పేవాడు.

తూర్పు మేళం ఆడితే, "నీలకేతుడి కంటే ఆయన కిరీటం ముందు నడిచింది" అన్నాడు. దక్షిణపు మేళంవారి రాక్షసుడు నవ్వితే, "అత్తవారింట అలిగిన అల్లుడు సకిలించినట్టుంది" అన్నాడు. "ఏటి అవతలి మేళానికి గొంతు ఉంది, కాళ్ళు లేవు. కొండకింది మేళానికి కాళ్ళు ఉన్నాయి, గొంతు లేదు. ఇద్దర్నీ కలిపి కుట్టినా ఒక నీలకేతుడు కాడు" అని ఇంకోసారి తేల్చాడు. మాటలు చమత్కారంగానే ఉండేవి. సభలో వాళ్ళు పొట్టలు పట్టుకునేవారు. రాయలు మాత్రం నవ్వేవాడు కాదు.

తీర్పుతో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు. ఓడిన మేళం గజ్జెలు విప్పించి ఖజానాలో పడేయించేవాడు. రాజు విప్పించిన గజ్జె మళ్ళీ కట్టకూడదని ఆ రాజ్యంలో కట్టుబాటు. పాపం, ఆ ఆటవాళ్ళు కొందరు కూలికి పోయారు, కొందరు దేశాలు పట్టిపోయారు. ఏటిదుర్గం వీధుల్లో మద్దెల చప్పుడే లేకుండా పోయింది.

ఇంతకీ ఈ మేళాలన్నీ దేనికి ఓడిపోయాయి? వెనకెప్పుడో ఏటి తిరునాళ్ళలో రాయలు చూసిన ఒక ఆటకు. ఎవరెంత బాగా ఆడినా, "మేము ఏటి తిరునాళ్ళలో చూసిన ఆటకు ఇది కాలి గోటికి రాదు" అనేవాడు.

ఆ తిరునాళ్ళ ఆట ఆయన ఒంటరిగా చూడలేదు. ఒళ్ళో కూతురు ఉంది. ఆయనకు ఉన్నది ఆ ఒక్క పిల్లే. ఆ మరుసటి ఏడు ఎండల్లో జ్వరం వచ్చి పోయింది. రాజవైద్యులు ఎన్ని కషాయాలు కాచినా నిలవలేదు.

కర్మకాండ ముగిసిన మర్నాడు రాయలు సభకు వచ్చి ఒక ఆజ్ఞ వేశాడు. ఆ పిల్ల పేరు రాజ్యంలో ఎవరూ పలకరాదు. పలికితే కొరడా దెబ్బలు. ఆజ్ఞ ఆజ్ఞే కనుక, కథ చెబుతున్నవాణ్ణి నేను కూడా ఇప్పుడప్పుడే ఆ పేరు చెప్పలేను. అందులో ఒక పువ్వు పేరు ఉందని మాత్రం చెప్పగలను. వేసవి సాయంత్రాలు ఆ పూలబుట్టలు నెత్తిన పెట్టుకుని తిరిగేవాళ్ళకు చచ్చేచావు వచ్చింది. పేరు పెట్టి అరవడానికి లేదు. "తెల్లవమ్మా, తెల్లవి!" అని అరిచేవారు. పరదేశులు ముల్లంగి దుంపలనుకుని బుట్టలోకి తొంగిచూసేవారు.

ఈ ఆజ్ఞతో అందరికంటే ఎక్కువ నలిగినవాళ్ళు ఇద్దరు. ఒకరు పిల్లను కన్నతల్లి, రాణి సూరమాంబ. రెండోవాడు గంగరసు.

గంగరసు ఆ ఆస్థానంలో విదూషకుడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. నవ్వడం మానేసిన రాజు దగ్గర నవ్వించే ఉద్యోగమంటే ఎండిన ఏట్లో పడవ నడిపినట్టే. అయినా జీతం ముడుతోంది కదా అని రోజూ ఏదో ఒక మాట అనేవాడు. అని, ఇంటికి పోయి గోడవైపు తిరిగి కూచునేవాడు. ఆ పిల్ల అతణ్ణి 'మామా' అని పిలిచేది. రాణి అతణ్ణి అన్నా అంటుంది కనుక ఆ వరస.

ఒకనాటి ఉదయం రాణి కబురు పెట్టింది. గంగరసు వెళ్ళేసరికి ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంది. కూచోమని కూడా అనలేదు.

"అన్నా, నేను దాని పేరు మరిచిపోనులే. పిలిచే తీరు మరిచిపోతున్నాను" అంది.

గంగరసుకు వెంటనే అర్థం కాలేదు.

"ఆడుకుంటూ ఎక్కడో ఉండేదా, అన్నానికి పిలిచేదాన్ని. ఎంత గొంతెత్తేదాన్నో, చివర ఎట్లా సాగదీసేదాన్నో ఇప్పుడు గుర్తు రావటం లేదు. పెదవులు కదపకుండా లోపల్లోపలే అనుకుంటే పిలుపవుతుందా? ఒక్కసారి గట్టిగా పిలవాలని ఉంది. కన్నదాన్ని, ఆ మాత్రం నోచుకోలేదా?"

"ఏలినవారిని అడిగారా తల్లీ?"

"అడగబోయాను. మాట పూర్తి కాకముందే లేచి వెళ్ళిపోయారు."

ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేదని గంగరసు అనుకున్నాడు. మెట్లు దిగుతుంటే అతని కళ్ళే మసకబారాయి. జీవితమంతా మాటలు అమ్ముకుని బతికినవాణ్ణి, ఒక తల్లికి ఒక్క మాట ఇప్పించలేకపోతే ఈ నోరెందుకని తనను తానే తిట్టుకున్నాడు.

ఆ రోజే సభకు రాజ్యంలో మిగిలిన చివరి మేళాన్ని తీసుకొచ్చారు. మేళం పెద్ద ఓబలేశం. నెరిసిన జుట్టు, వంగని వెన్ను. నీలకేతుడి వేషం కట్టడంలో అతని ముందు నిలిచినవాడు లేడని నాలుగు దిక్కులా పేరు. ఆ పేరుతో పనేముంది? గజ్జెలు పోవడానికే వచ్చామని మేళంలో అందరికీ తెలుసు. ఓబలేశం రెండు చేతులూ జోడించి తల వంచుకుని నిలబడ్డాడు.

గంగరసు లేచి, "మహాప్రభూ, ఒక మనవి" అన్నాడు. "ఇన్ని మేళాలు ఓడిపోయాయి. దేనికి ఓడిపోయాయో వాటికి తెలియదు. తిరునాళ్ళ ఆట వాళ్ళెవరూ చూడలేదు కదా. కొలత ఇవ్వకుండా రవిక కుట్టమని, బిగుతైందని దర్జీని కొట్టినట్టుంది. ఆ ఆట ఎలా ఉందో ఒక్కసారి సెలవిస్తే..."

రాయలు మీసం మీద చెయ్యి వేశాడు. "చెబుతాం, వినండి. పున్నమి వెన్నెల. వంద కాగడాలు. మద్దెల మీద చెయ్యి పడితే ఏటినీళ్ళు అదిరాయి. గండకుడి మీసం చూసి వీరులు కూడా మొలతాడు బిగించుకున్నారు. నీలకేతుడు పద్యం ఎత్తుకున్నాడా, గుక్క తిప్పుకోకుండా, మాట తడబడకుండా ఉరుము ఉరిమినట్టు పాడాడు. అటువంటి ఆట మునుపు లేదు, ఇకముందు రాదు."

సభ ఆహా అంది. గంగరసు మాత్రం అనలేదు. ఆ ఆట అలా జరగలేదు.

ఆ తిరునాళ్ళ సాయంత్రం వాన పడింది. కాగడాలు పది ఉంటే ఎనిమిది ఆరిపోయాయి. తడిసిన మద్దెల మీద చెయ్యి పడితే పిండి పిసికినట్టు చప్పుడైంది. గండకుడి మీసం ఊడి బురదలో పడింది. వాడు దాన్ని తడుముకుని ఎత్తి, తలకిందులుగా అతికించుకున్నాడు. అంత దరిద్రంగా ఆడిన మేళాన్ని గంగరసు తన జన్మలో మరొకదాన్ని చూడలేదు. తిరునాళ్ళ జనం విసుక్కుని పకోడీల అంగడి దగ్గరికి పోయారు.

మరి రాయలు అబద్ధమాడుతున్నాడా? లేదు. ఆయన కళ్ళు చూస్తేనే తెలుస్తోంది, చెప్పే ప్రతి మాటా నమ్మే చెబుతున్నాడు. అదే గంగరసు గుండెను పిండేసింది.

"ఆ ఆట మళ్ళీ ఏలినవారి కళ్ళముందు పెడతాను. ఈ మేళంతోనే ఆడిస్తాను" అన్నాడు గంగరసు.

"నువ్వా?"

"ఆ రోజు తమ వెనక గొడుగు పట్టుకుని నిలబడింది నేనే కదా మహాప్రభూ."

పున్నమి వెన్నెలకు గొడుగెందుకని సభలో ఒక్కరూ అడగలేదు. అంతమంది పండితులు ఉండి ఏం లాభం!

"చిన్న సందేహం. ఉన్నది ఉన్నట్టు ఆడించమంటారా, కాస్త మెరుగు పెట్టమంటారా?" అన్నాడు గంగరసు.

రాయలు మండిపడ్డాడు. "మెరుగా! ఆ ఆటకు మెరుగు పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. పూచికపుల్ల కూడా మార్చడానికి వీల్లేదు. మార్చావో, వీళ్ళ గజ్జెలతో పాటు నీ తలపాగా కూడా ఖజానాకు పోతుంది. నువ్వు పొలిమేర దాటి పోతావు."

"మార్చకపోతే?"

"కోరింది ఇస్తాం."

"సభవారు విన్నారు" అని గంగరసు కూచున్నాడు.

అసలు చిక్కు మేళం బసలో వచ్చింది. ఏం చెయ్యాలో గంగరసు చెప్పేసరికి ఓబలేశం కళ్ళెర్రజేశాడు.

"తప్పు ఆడమంటారా సామీ? గజ్జెలు పోతే పోనీండి. కూలికి పోతా, నాగలి పడతా. బతికినన్నాళ్ళూ ఒప్పుగా ఆడి, చివరాఖరికి తప్పు ఆడి సావమంటారా? మా తాతలు పైనుంచి ఉమ్మేస్తారు."

"తప్పు ఆడమనటం లేదు. ఎవరో ఆడిన తప్పును ఒప్పుగా ఆడమంటున్నాను. అది ఒప్పును ఒప్పుగా ఆడటం కంటే కష్టం. చేతకాకపోతే చెప్పు."

"చేతకాకేం? పిల్లకాయలు చేస్తారు ఆ మాత్రం. సిగ్గు సామీ, సిగ్గు!"

అప్పుడు గంగరసు రాణి అన్న మాటలు చెప్పాడు. ఉన్నవి ఉన్నట్టుగానే చెప్పాడు. ఓబలేశం గొంతు తగ్గించాడు.

"నా మనవరాలికీ ఆ పేరే సామీ. ఆజ్ఞ వచ్చినాక మార్చినాం. ఇప్పుడు కొత్త పేరు పెట్టి పిలిస్తే పలకదు, మూతి ముడుచుకుని కూచుంటాది. మా ఇంటిది తలుపులేసి, చెవిలో పాత పేరు చెప్తే అప్పుడు తింటాది." అతను పైపంచెతో ముఖం తుడుచుకున్నాడు. "నా బిడ్డ బిడ్డ కళ్ళముందర ఉంది. ఆయమ్మకు పిలవను బిడ్డ కూడా లేదే! చెప్పండి, ఎక్కడెక్కడ తప్పాలో అంతా చెప్పండి. ఒక్క తప్పు కూడా తప్పకుండా ఆడతాం."

గండకుడి వేషం కట్టే కుప్పయ్య మీసం ఊడగొట్టుకోవడం నేర్చుకున్నాడు. ఊడనప్పుడు బలవంతాన ఊడదీస్తే తెలిసిపోతుంది, దానంతట అదే జారాలి. పాపం, మూతి తోలు లేచిపోయేదాకా సాధన చేశాడు. మద్దెలకాడు తన మద్దెలను తడపమంటే మాత్రం ఏడ్చినంత పని చేశాడు.

ఆట రోజు వచ్చింది. కోటముందు పందిరి వేశారు. పొద్దు వాలుతుండగా రాయలు వచ్చి గద్దె మీద కూచున్నాడు. ఆయన వెనక, పల్చటి తెర చాటున, రాణి కూచుంది. గంగరసు ముడిచిన గొడుగు పట్టుకుని రాయలు వెనక ఎడమపక్కన నిలబడ్డాడు. పేరు ఇప్పించడానికి పోయి పుండు కెలుకుతున్నానేమోనని అప్పుడు భయం పట్టుకుంది. ఇంక భయపడి లాభం లేదు, తెర పట్టేశారు.

ప్రార్థన కాగానే పైనుంచి నీళ్ళు పడ్డాయి. పందిరి మీద మనుషులు జల్లెడల్లో కడవలు వంపుతున్నారు. కాగడాలు చుయ్‌మని ఆరిపోయాయి. రాయలు తలపాగా తడిసి కుచ్చు ముక్కు మీదికి వాలింది.

"ఎవడ్రా అది!"

"వాన, మహాప్రభూ" అన్నాడు గంగరసు.

"పున్నమి వెన్నెల అని చెప్పలేదూ!"

"చెప్పారు. ఉన్నది ఉన్నట్టు ఆడించమని కూడా చెప్పారు. ఆ రెండూ కలిసి కుదరలేదు. నేను రెండోది పట్టుకున్నాను."

గంగరసు గొడుగు విప్పాడు. నీళ్ళు ఇంకా రాయలు తలమీదే పడుతున్నాయి.

"గొడుగు సరిగా పట్టు!"

"సరిగానే పట్టాను ప్రభూ. ఆ రోజు ఇక్కడే పట్టాను."

రాయలు తలతిప్పి చూశాడు. గొడుగు ఆయన తలమీద లేదు. ఆయన ఎడమ తొడ మీద, ఎవరూ కూచోని చోట ఉంది. తడుస్తూ అలాగే కూచున్నాడు. ఆ తరవాత వాన గురించి ఒక్క మాట అనలేదు.

మద్దెల పిండి పిసికింది. గండకుడు తెర తోసుకుని వచ్చి కళ్ళురిమి, "హా!" అన్నాడు. ఆ 'హా'తో మీసం జారి పడింది. కుప్పయ్య నేలమీద తడుముకున్నాడు, దొరికించుకున్నాడు, అతికించుకున్నాడు. కొసలు రెండూ కిందికి వేలాడుతున్నాయి. ఆ ముఖంతోనే మళ్ళీ, "హా!" అన్నాడు.

ఎవరికీ నవ్వే ధైర్యం లేదు. తలలు పోతాయని ఒకరి వెనక ఒకరు దాక్కుంటున్నారు. అంతలో ఒక నవ్వు వినిపించింది. ముందు ముక్కులోంచి వచ్చింది, తరవాత గొంతులోంచి, ఆపైన పొట్టలోంచి. రాయలు నవ్వుతున్నాడు!

"ఊడింది గంగరసూ! ఆ రోజూ ఊడింది! వాడు దాన్ని తలకిందులుగా పెట్టుకుంటే... మీసం బోర్లా పడిందని..."

ఎవరన్నారో చెప్పకుండా ఆగిపోయి, మళ్ళీ నవ్వాడు. తెరవెనక రాణి ఉలిక్కిపడి లేచి నిలబడింది. పిల్ల పోయాక ఆ నవ్వు ఆమె వినలేదు.

అప్పుడు ఓబలేశం వచ్చాడు. నీలకేతుడి వేషం, ఎత్తిన కత్తి. రాక్షసుడికి ఎదురుగా నిలబడి పద్యం ఎత్తుకున్నాడు.

"ఓరీ..."

ఆగాడు. మళ్ళీ ఎత్తుకున్నాడు.

"ఓరీ... ఓరీ..."

మాట రాలేదు. నాలుగు దిక్కులా పేరు మోసిన ఓబలేశం, నిద్రలో లేపినా పాడగలిగిన పద్యం దగ్గర మూగవాడై నిలబడ్డాడు. గంగరసు అతనికి చెప్పింది ఒక్కటే: మాట అందేదాకా కదలకు, కోట కూలినా కదలకు. కత్తి ఎత్తిన చెయ్యి అలాగే ఉంది. ముసలి చెయ్యి, కాసేపటికి వణకడం మొదలైంది.

రాయలు ఇంకా నవ్వుతూనే ఎదురుచూశాడు. తరవాత నవ్వు ఆగింది. ఎదురుచూడటం ఆగలేదు.

తిరునాళ్ళ రోజు ఏం జరిగిందో గంగరసుకు తెలుసు, రాయలుకూ ఇప్పుడు గుర్తొచ్చింది. ఆనాటి మేళంలో నీలకేతుడు ఇక్కడే పద్యం మరిచిపోయాడు. "ఓరీ, ఓరీ" అంటూ బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. జనం ఈలలు వేశారు. అప్పుడు పిల్ల తండ్రి ఒళ్ళో లేచి నిలబడి, ఆయన జుట్టు పట్టుకుని, గొంతు చించుకుని మరిచిపోయిన మాట అందించింది. ఆటగాడు ప్రాణం లేచివచ్చి ఆమెకు దణ్ణం పెట్టి, అక్కణ్ణించి ఆట నడిపాడు. ఇంటికి పోయేదాకా రాయలు దారిలో కనిపించిన వాళ్ళందరికీ అదే చెప్పాడు. మా అమ్మాయి లేకపోతే రాక్షసుడే గెలిచేవాడన్నాడు.

ఇప్పుడు మాట అందించేవాళ్ళు లేరు. పందిరి మీద మనుషులు కూడా కడవలు పక్కనపెట్టి చూస్తున్నారు.

"ఎందుకు ఆగాడు?" అన్నాడు రాయలు.

గంగరసు చమత్కారమేదో సిద్ధం చేసుకునే వచ్చాడు. అది నోటికి రాలేదు.

"మాట కోసం ప్రభూ" అన్నాడు. "ఇన్నాళ్ళూ ఇన్ని మేళాలను చూశారు. ఏ మేళంలోనూ ఏదీ తక్కువ కాలేదు. తక్కువైంది తమ ఒళ్ళో."

రాయలు గొడుగు కిందికి చూశాడు. అక్కడ పట్టుబట్ట ఒక్కటే తడవకుండా పొడిగా ఉంది. దానిమీద అరచెయ్యి ఆనించాడు. పెదవులు కదిలాయి. మొదట ఎవరికీ వినపడలేదు. ఓబలేశం కదల్లేదు. రాయలు మళ్ళీ అన్నాడు.

"దులాత్మా."

దురాత్మా అనాలి. ఆ పిల్లకు 'ర' పలికేది కాదు.

ఓబలేశం కత్తి దించాడు. రెండడుగులు ముందుకు వచ్చి, రాజుకు కాదు, గొడుగు కింద ఉన్న చోటికి రెండు చేతులూ జోడించాడు.

"చిత్తం తల్లీ" అన్నాడు.

అంతే, రాయలు బావురుమన్నాడు. కాష్ఠం దగ్గర ఏడవనివాడు, బిరుదులూ తలపాగా మరిచి, సభంతా చూస్తుండగా చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. గంగరసు కూడా ఏడ్చాడు. మీసం తలకిందులుగా పెట్టుకున్న రాక్షసుడూ ఏడ్చాడు. ఆ రూపం చూసి రాయలుకు ఏడుపు మధ్యలో నవ్వు వచ్చింది, నవ్వు మధ్యలో మళ్ళీ ఏడుపు వచ్చింది. ఏది ఏదో ఆయనకే తెలియలేదు.

ఆట మంగళం దాకా ఆడమన్నాడు. ఆడారు. చివర పరీక్షా ధురంధరుడు కళ్ళు తుడుచుకుని తీర్పు చెప్పాడు.

"ఓబలేశం, ఇంత చెత్త ఆట మేము రెండేసార్లు చూశాం. ఇకముందు ఎవరైనా దీనికంటే బాగా ఆడితే తప్పు పట్టం." మెడలోని ముత్యాల దండ తీసి ఆ ముసలివాడి మెడలో వేశాడు. "ఖజానా తెరిపించండి. ఏ మేళం గజ్జెలు ఆ మేళానికి ఇచ్చెయ్యండి. వాళ్ళు ఎక్కడ ఉంటే అక్కడికి మోసుకుపోయి ఇవ్వండి."

తరవాత వెనక్కి తిరిగాడు. "నువ్వు గెలిచావు గంగరసూ. పూచికపుల్ల మారలేదు. అడుగు. మాన్యమా? ఏనుగా?"

"పేరు, ప్రభూ."

ఏ పేరని రాయలు అడగలేదు. గంగరసు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇవ్వకపోతే రేపు ఆ కిటికీ దగ్గరికి ఏ ముఖం పెట్టుకుని పోవాలన్నదే అతని దిగులు.

"నేను పలకలేకపోయాను గంగరసూ" అన్నాడు రాయలు చివరికి. పట్టాభిషేకమైనప్పటినుంచీ ఆయన నోట 'మేము' తప్ప 'నేను' రాగా సభ విన్నది అదే మొదలు. "పలకబోతే గొంతులో అడ్డం పడేది. నేను పలకలేని పేరు ఇంకొకరు సులువుగా పలుకుతుంటే ఓర్చుకోలేకపోయాను. అంతకంటే వేరే కారణం లేదు. తీసెయ్యండి ఆ ఆజ్ఞ. పలకండి."

ఎవరూ పలకలేదు. ఇన్నాళ్ళు మింగిన మాట ఒక్కసారిగా నోటికి ఎక్కడ వస్తుంది? ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు తెర పక్కకు జరిగింది. రాణి సూరమాంబ ఇవతలికి వచ్చింది. ఆమె సభను చూడలేదు, రాజును చూడలేదు. సాయంకాలం పిల్లల్ని ఇళ్ళలోకి పిలిచే తల్లులు ఎటు చూస్తారో అటు, పందిరి దాటి ఆరుబయటికి చూసింది. గొంతు సవరించుకుంది.

"మల్లమ్మా!" అని పిలిచింది. మొదట పిలుపు బొంగురుపోయింది. మళ్ళీ ఎత్తుకుంది, ఈసారి తీరు దొరికింది. చివర సాగదీసి, ఊరంతా వినపడేలా పిలిచింది. "మల్లమ్మా! ఆట అయిపోయిందే తల్లీ, ఇంక ఇంటికి రా!"

ఎవరు వస్తారు? పందిరి మీదినుంచి నీళ్ళచుక్కలు పడుతున్నాయి. జనం తలలు వంచుకున్నారు. గంగరసు గొడుగు ఇంకా ముడవలేదు.

రాణి ఇంకోసారి పిలిచింది. ఆ సారి రాయలు కూడా లేచి వెళ్ళి ఆమె పక్కన నిలబడి పిలిచాడు.